పైడమ్మ మీద చలానాలు

మంచు నెల, సోమవారం

ఈ రోజు పొద్దున్నే చనిపోయిన మనిషి మీద చలానా వచ్చింది.

నేను మెరకపట్నం బండ్ల కోర్టులో బెంచి క్లర్కుని. రోడ్డు మీద పరిచిన నేల పంపే చలానాలు విప్పి చూసి, ఎవరి రికార్డులో మచ్చ పడాలో వాళ్ళ రికార్డులో వేసి, వాయిదాకి పిలవడం నా పని. కోర్టు డైరీలో పేరు, నేరం, తీర్పు తప్ప మరో ముక్క రాయనివ్వరు. మిగతాదంతా కడుపులో దాచుకునే ఓపిక నాకు లేదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

నేరం మామూలుదే. పెద్దమలుపు దగ్గర అకారణంగా ఆగడం. మంచు దిగిందంటే ఇలాంటివి కుప్పలుగా వస్తాయి. మలుపు అవతల ఏముందో నేలకి ముందే తెలుసు. ఎదురుగా బండి ఉంటే మన బండికి కరెంటు తనే తగ్గించి తప్పిస్తుంది. ఇక మనం ఆగి చేసేదేమీ లేదు, వెనకవాడి చేత గుద్దించుకోవడం తప్ప. అందుకే ఆ మధ్య దాన్ని నేరాల్లో చేర్చారు. ఇవాళ పోయిన నెల చలానా వాయిదాలో ఒక పాలాయన "నేను ఆగలేదమ్మా, తుమ్మొచ్చింది" అన్నాడు. తుమ్మేదో, బ్రేకేదో నేలకి బాగా తెలుసునని చెప్పి, ఆయన మచ్చ ఆయనకి వేసి పంపించాను.

ఆ తరవాతి చలానాలో నడిపినవారి పేరు చూసి కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. మజ్జి పైడమ్మ అని ఉంది.

పైడమ్మ పోయి ఐదేళ్ళయింది. ఊరంతా బండ్లు కట్టేసి కాలినడకన సాగనంపాం. నాకింకా గుర్తే.

సూర్యుడి తుపాను వచ్చి బండ్ల తెలివంతా కాలిపోయిన ఏడు, ఈ ఊళ్ళో స్టీరింగు పట్టడం వచ్చిన మనిషి ఆవిడొక్కతే. అంతవరకు బండ్లు వాటంతట అవే తిరిగేవి, మేం లోపల కూర్చుని కునుకు తీసేవాళ్ళం. ఆవిడ మాత్రం కొండకి నీళ్ళ ట్యాంకరు తోలేది. ఎందుకంటే ఆ వాలు మీద ట్యాంకరుని బండి తెలివికి వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. తుపాను తరవాత డాక్టర్లు, టీచర్లు, కూరగాయలవాళ్ళు, అందరం వరసలో నిలబడి ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. నోరు మాత్రం మహా గయ్యాళి. నన్నయితే ఘాట్ రోడ్డు మధ్యలో దింపేసి, "నువ్వు నడిచే రా, బండికి విశ్రాంతి" అంది.

కొత్త నేల ఆ తరవాత, ఆవిడ ఉండగానే పరిచారు. అది చక్రాల కింద నుంచి బండికి కరెంటు ఇస్తుంది, నడిపేది ఎవరో వింటుంది. బండి నంబరుతో దానికి పనిలేదు. బ్రేకు మీద కాలు ఎలా పడుతుంది, స్టీరింగుని చెయ్యి ఎంత బిగించి పట్టుకుంటుంది, ఇవన్నీ కలిపి మనిషిని పోలుస్తుంది. దాన్నే వాటం అంటారు. మనిషికో వాటం. బండ్ల చట్టంలో మొదటి వాక్యమే అది.

మధ్యాహ్నం లోపల పైడమ్మ మీద ఇంకో రెండు చలానాలు వచ్చాయి. మేజిస్ట్రేటు తారకేశ్వరి గారికి చూపించాను.

"ఇదేమిటి శకుంతలా, సమను శ్మశానానికి పంపుతావా?" అన్నారు.

"ఎవరో ఆవిడ వాటం నటిస్తున్నారమ్మగారూ."

అదొక నేరం. ఆ మధ్య ఒకడు మామగారి వాటం అచ్చంగా నటించి, తన మచ్చలన్నీ ఆయన నెత్తిన వేశాడు. వాటం దొంగతనం రుజువైతే జన్మకి లైసెన్సు ఉండదు.

"ఆవిడ బండి ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"దిగువవాడ ముత్యాలు దగ్గర."

"రమ్మను" అన్నారు.

మంచు నెల, బుధవారం

ముత్యాలు వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయేమో. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. దిగువవాడలో అందరివీ అంతే, పాత ఊళ్ళోకి సముద్రం వచ్చాక అక్కడివాళ్ళు గుంజల మీద ఇళ్ళు కట్టుకుని బతుకుతున్నారు. ఆసుపత్రి కొండపైన, పురుళ్ళు కొండకింద. నొప్పులు మొదలైన ఆడవాళ్ళని పైకి తెచ్చే బండి ఒక్కటే ఉంది. దాన్ని పైడమ్మ నడిపేది, ఇప్పుడు ముత్యాలు నడుపుతోంది.

"నాను నటించడవేటండి?" అంది బోనులోకి ఎక్కుతూనే. "నొప్పులు పడతన్న మనిసిని ఎనకాతల ఎట్టుకుని నాటకాలాడతానా?"

"మచ్చలు పైడమ్మ పేరు మీద పడితే నీ రికార్డు శుభ్రంగా ఉంటుంది కదమ్మా" అన్నారు తారకేశ్వరి గారు. ఆవిడ అడగవలసిన ప్రశ్నే అది. కోపంగా అడగలేదు.

"అత్త పేరు మీద మచ్చెయ్యడానికి నాకు సేతులెలా వొస్తాయండి?"

అత్త అంటే నిజానికి మేనత్త కాదు. పైడమ్మకి నా అన్నవాళ్ళు లేరు. దిగువవాడలో అందరికీ ఆవిడ అత్తే. రికార్డు మూయించడానికి ఇంటివాళ్ళ వేలిముద్ర కావాలి, ఆ ఇంటివాళ్ళు లేకనే అది ఇన్నాళ్ళూ తెరిచి ఉండిపోయింది.

మలుపు దగ్గర ఆగుతావా అని అడిగితే ముత్యాలు దాచలేదు. మంచులో ఆగుతానంది. అత్త నేర్పిందే అది, ఆగు, అద్దం దించు, చెవిపెట్టి విను, అప్పుడెళ్ళు. తన పేరు మీద అలాంటి మచ్చలు కొన్ని ఉన్నాయి కూడా. ఈ నెలలోనే అవి రావడం ఆగిపోయి పైడమ్మవి మొదలయ్యాయి. చూసేవాళ్ళకి అంతకన్నా రుజువు అక్కర్లేదు. నాకే మనసులో ఈ పిల్ల దొరికిపోయింది అనిపించింది.

అప్పుడు నా బల్ల మీద పలక మోగింది. కొత్త చలానా వస్తే అది మోగుతుంది. చదివి, మళ్ళీ చదివి, లేచి నిలబడ్డాను.

"ఏమిటి?" అన్నారు తారకేశ్వరి గారు.

"చింతలమలుపు దగ్గర. ఇప్పుడే. మజ్జి పైడమ్మ."

ముత్యాలు బోనులో నిలబడి ఉంది. ఆమె బండి కోర్టు మెట్ల దగ్గర ఉంది. నేను చదవడం ముగించే లోపలే పలక మళ్ళీ మోగింది, ఈసారి పెద్దమలుపు. ఒకే క్షణంలో రెండు చోట్ల. ముత్యాలు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ఉద్యోగంలో నేల చెప్పిన మాట నమ్మకపోవడం ఇదే మొదటిసారి.

మంచు నెల, గురువారం

నేల ఆఫీసు నుంచి ఇంజనీరు భార్గవ్ వచ్చాడు. కుర్రాడే కానీ కుర్రతనం ఎక్కడా కనిపించదు, ఇస్త్రీ చేసినట్టు మాట్లాడతాడు.

"నేల అబద్ధం చెప్పదండి" అన్నాడు. "ఈ నెలలోనే నేలలోని పాత చెవులు తీసి కొత్తవి పెట్టాం. అవి ఇంకా లోతుగా వింటాయి. ముత్యాలు ఒక్కతే కాకపోవచ్చు, ఇదొక ముఠా."

"దేనికయ్యా ముఠా? పైడమ్మ వాటం దొంగిలించి ఏం చేసుకుంటారు?" అన్నాను. ఆయన తెలిసినట్టు తల ఆడించాడు.

అసలు సంగతి ఆ తరవాత చెప్పాడు. నిన్నటి నుంచి కుప్పలుగా వచ్చిపడిన మచ్చలతో పైడమ్మ రికార్డు దాదాపు నిండిపోయింది. నిండితే దారి మూత. ఆ వాటంతో ఎవరు నడిపినా వాళ్ళ బండికి నేల కరెంటు ఇవ్వదు. ఉన్నచోటే నిలిచిపోతుంది.

"ఆపలేరా?" అన్నారు తారకేశ్వరి గారు.

"మా చేతుల్లో లేదండి. లంచాలకి లొంగకుండా ఉండాలని చట్టాన్ని నేల లోపలే పోసేశారు. అది మాట వినేది ఒక్క కోర్టు తీర్పుకే. అదీ ఇదే హాల్లో, కోర్టు వేళల్లో, పైకి చెబితేనే."

ముత్యాలు వెనక బెంచీ మీద కూర్చుని ఇదంతా వింటోంది. లేచి వచ్చి బల్ల పట్టుకుంది.

"అయితే నా బండి ఆగిపోద్దా? మలుపుకాడ, మంచులో, మనిసి లోపలుండగా ఆగిపోద్దా?"

నీ వాటం వేరే అని తేలితే ఆగదు అన్నాడు భార్గవ్. తేలకపోతే బండి ఆగుతుంది, లైసెన్సూ పోతుంది.

"దిగువవాడలో ఇప్పుడు నెలలు నిండినోళ్ళు ఎంతమందున్నారో తెలుసా బాబూ నీకు?" అంది. ఆయనకి తెలియదు. నాకూ తెలియదు, సిగ్గేసింది.

తారకేశ్వరి గారు రేపటికి బాట విచారణ వేశారు. ముద్దాయి తన వాటం అది కాదని అంటే కోర్టే లేచి వెళ్ళి బండిలో కూర్చుంటుంది. ముద్దాయి నడుపుతారు, మేజిస్ట్రేటు వెనక సీట్లో, క్లర్కు పలక పట్టుకుని ముందు సీట్లో. నేల ఎవరి పేరు చెబుతుందో అందరం కళ్ళారా చూస్తాం. మా కోర్టు పద్ధతి అది. నాకు మాత్రం ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పుతుంది.

మంచు నెల, శుక్రవారం

ఈ రోజు చూసినది ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయలుదేరాం. ముత్యాలు స్టీరింగు దగ్గర, పక్కన నేను, వెనక తారకేశ్వరి గారు, భార్గవ్. వెనక సీటు తీసేసి మంచం వేసి ఉంది కనక, న్యాయస్థానం వారు పురుటి మంచం మీద కూర్చోవలసి వచ్చింది. తిన్నటి రోడ్డు మీద పలకలో పేరు స్పష్టంగా ఉంది, బోని ముత్యాలు. ఎక్కడా చెదరలేదు.

పెద్దమలుపు వచ్చింది. మంచు దట్టంగా ఉంది, బానెట్ తరవాత ఏమీ కనిపించడం లేదు. ముత్యాలు వేగం తగ్గించింది. బ్రేకు మెల్లగా నొక్కింది, ఇంక ఆగిపోతుందనగా కాలు రవ్వంత వదిలి, మళ్ళీ నొక్కింది. బండి ఏ కుదుపూ లేకుండా నిలబడింది. అద్దం దించి చెవిపెట్టింది.

పలకలో ముత్యాలు పేరు ఆరిపోయింది. దాని చోట మజ్జి పైడమ్మ అని వచ్చింది.

"చెప్పానుగా" అన్నాడు భార్గవ్.

ముత్యాలు స్టీరింగు మీద తల వాల్చేసింది. "నాను నటించనేదండి. ఒట్టండి. కాలు దానంతటదే అలగ పడిపోద్ది" అని ఏడుపు. ఆ కన్నీళ్ళతో నడిపే బండిలో ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు, ప్రాణం తీపి. "జరుగమ్మా, నేను నడుపుతాను" అని పలక వెనక్కి ఇచ్చి స్టీరింగు పట్టుకున్నాను.

చింతలమలుపు దాకా నా బుర్రలో ముత్యాలు సంగతే తిరుగుతోంది, ఏ కాలు ఎక్కడ వేస్తున్నానో చూసుకోలేదు. మలుపు దగ్గర మంచు కమ్మింది. ఆపాను. అద్దం దించాను. అవతల ఏమీ వినిపించలేదు, బయలుదేరబోయాను. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూశాను.

తారకేశ్వరి గారు పలకని నావైపు తిప్పారు. మజ్జి పైడమ్మ.

"నేనా?" అన్నాను.

ఆవిడ చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని దిగారు. నన్ను తప్పుకోమన్నారు. ఎన్నాళ్ళకి నడుపుతున్నారో, సీటు ముందుకి జరుపుకోవడానికే కాసేపు తంటాలు పడ్డారు. తిరిగి పెద్దమలుపు దగ్గరికి వచ్చాం. మేజిస్ట్రేటు గారి కాలు బ్రేకు మీద మెల్లగా పడింది, చివర్లో రవ్వంత వదిలింది, మళ్ళీ నొక్కింది. నేను పలక చూస్తున్నాను. తారకేశ్వరి అనే పేరు ఆరిపోయి, పైడమ్మ పేరు వెలిగింది.

"నీళ్ళు" అన్నారు ఆవిడ. "వెనక ట్యాంకులో నీళ్ళున్నాయి శకుంతలా. అవి తొణికి ముందుకి కొట్టకుండా చివర్లో కాలు వదలాలి. ఆవిడ అలా ఆపేది, మనకీ అలాగే నేర్పింది. ట్యాంకరు ఎప్పుడో తుక్కయిపోయింది. మనం ఇంకా ఆ నీళ్ళు మోస్తున్నాం."

భార్గవ్ మొహం పాలిపోయింది. "నేను ఆవిణ్ణి చూడనైనా లేదండి" అన్నాడు. "నాకు మా నాన్న నేర్పాడు."

"మీ నాన్నకి?"

వచ్చి స్టీరింగు దగ్గర కూర్చుని, చింతలమలుపు దాకా నడిపి ఆపాడు. ఆయన కాలుకి కూడా నీళ్ళు తెలుసు. పైడమ్మ పేరు వచ్చింది. తను చూడని మనిషి పేరుని, తన కాలి కింద నుంచి వచ్చిన పేరుని, ఆయన వేలితో తడిమి చూశాడు.

మనిషికో వాటం అని చట్టం రాశారు. ఒకరి వాటం ఇంకొకరికి వస్తుందని, వాళ్ళ నుంచి పిల్లలకి పోతుందని రాసినవాళ్ళకి తట్టలేదు. ఆ రాసినవాళ్ళూ ఈవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పాత చెవులకి పైపైన ఉండే మేం వినిపించేవాళ్ళం. కొత్త చెవులు మా అందరి అడుగున ఉన్న ఆవిణ్ణి వింటున్నాయి. మామూలు ఎండరోజుల్లో ఎవరి తీరు వారిది. మంచు కమ్మి భయం వేసినప్పుడు ఊరంతా పైడమ్మే.

ఈ ఆశ్చర్యంలో పడి చెయ్యకూడని పని ఒకటి చేసేశాం. నలుగురం నాలుగుసార్లు ఆపాం, నాలుగు మచ్చలూ ఆవిడ రికార్డులో పడ్డాయి. పలక చూసుకుంటే ఇక ఒక్క మచ్చకే చోటుంది.

"దగ్గరుండి మనమే మూయించేలా ఉన్నాం" అన్నారు తారకేశ్వరి గారు. కోర్టుకి చేరేసరికి వేళ దాటిపోయింది, నేల ఇంక వినదు. రేపు పొద్దున తీర్పు. అప్పటిదాకా మలుపుల దగ్గర ఎవరూ ఆగొద్దని ఊరంతా మైకులో చెప్పించారు. ఒక్కరు ఆగినా ఆ వాటం ఉన్న ప్రతి బండికీ దారి మూత, అంటే ఊరంతటికీ మూత.

మంచు నెల, శనివారం

పొద్దున కోర్టు తలుపులు తీస్తుండగా ముత్యాలు ఫోను చేసింది.

"క్లర్కమ్మగారూ, ఒక పిల్లకి నొప్పులొచ్చీసినాయి. తొలిసూరు. బిడ్డ అడ్డం తిరిగిందంట. బేగి పైకి తేవాల. మంచు సూస్తే నా సెయ్యే నాకు కనపడ్డం నేదు. మలుపుకాడ ఆగకుండా ఎలగెళ్ళనండి?"

"ఆగొద్దు ముత్యాలూ" అన్నాను. "నేల చూసుకుంటుంది. తీర్పు చదివేదాకా మాత్రం ఆగొద్దు. నువ్వు ఆగితే నీ బండి అక్కడే నిలిచిపోతుంది."

"అలగేనండి" అంది. ఆ గొంతులో నమ్మకం లేదు. నేను చెప్పిన మాట మీద నాకూ లేదు.

హాలు కిటకిటలాడుతోంది. తీర్పుకి ముందు రికార్డంతా పైకి చదవాలి, అది పద్ధతి. ఒక్కొక్క మచ్చ, ఒక్కొక్క మలుపు. నేను గబగబా చదువుతుంటే తారకేశ్వరి గారు కలం పట్టుకుని కూర్చున్నారు. భార్గవ్ కిటికీ దగ్గర నిలబడి మంచులోకి చూస్తున్నాడు. ఇంకా సగం పైగా మిగిలి ఉంది.

పలక మోగింది.

పెద్దమలుపు. అకారణంగా ఆగడం. మజ్జి పైడమ్మ.

పలకని అందరికీ కనబడేలా పైకెత్తాను. ఆ పిల్ల ఆగింది. ఎలా ఆగదు? ఆగకుండా ఎలా ఉంటుంది? మంచులో నిలిచిపోయిన బండి, లోపల నొప్పులు పడుతున్న మనిషి, బిడ్డ అడ్డం తిరిగి. ఆగొద్దని చెప్పడం తప్ప నేను చేసిందేముంది? కుర్చీలో కూర్చుండిపోయాను.

ఇక దారి మూత అనే మాట పలకలో రావాలి. రాలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద బండ్ల దీపాలు కదులుతూనే ఉన్నాయి.

భార్గవ్ నా చేతిలోంచి పలక లాక్కున్నాడు. చలానా పూర్తిగా తెరిచాడు. చదువుతూ చదువుతూ గోడకి ఆనుకున్నాడు.

"బండి ముత్యాలుది కాదు" అన్నాడు. "ఊడ్పు బండి. రోడ్డు ఊడ్చేది."

"అందులో ఎవరున్నారు?" అన్నారు తారకేశ్వరి గారు.

"ఎవరూ ఉండరండి. దానికి సీటు లేదు, స్టీరింగు లేదు. దాన్ని నడిపేది నేలే."

"మరి బ్రేకు?"

"నేలే వేసింది. మెల్లగా వేసి, చివర్లో రవ్వంత వదిలి, మళ్ళీ వేసింది." అన్నాడు భార్గవ్. "వేసి, తన మీద తనే చలానా రాసుకుంది. మేం దానికి ఆగడం నేర్పలేదండి. తనకి వినపడని చోటు ఒకటి ఉంటుందని మేం అనుకోలేదు, అప్పుడేం చెయ్యాలో రాయలేదు. పెద్దమలుపు అవతల చెవులు పలకడం లేదు. కొండవాలు జారినట్టుంది."

పలక మీద కింద వరసలో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. నా ఉద్యోగంలో ఎన్నడూ చూడని వాక్యం అది. "దారి ఎవరికి మూయవలెనో కోర్టువారి ఆదేశము కోరడమైనది."

నేలకి తన దారి తనే మూసుకోవడం ఎలాగో తెలియలేదు. మమ్మల్ని అడిగింది. అందరి తప్పులూ పట్టి మాకు పంపే నేల, కోర్టులో నిలబడి మొదటిసారి మమ్మల్ని ఒక మాట అడిగింది. నాకు చేతులు జోడించాలనిపించింది. కోర్టులో అలాంటివి కూడదు, అయినా జోడించాను. చూస్తే హాల్లో చాలామంది జోడించే ఉన్నారు.

తారకేశ్వరి గారు రాసుకున్న తీర్పు పక్కన పెట్టేశారు. లేచి నిలబడి నోటితోనే చెప్పారు.

"కనిపించని చోట, వినిపించని చోట ఆగడం నేరం కాదు. అది కారణం లేని ఆగడం కాదు. ఈ కారణంగా మజ్జి పైడమ్మ రికార్డులో పడిన మచ్చలన్నీ కొట్టివేయడమైనది. బోని ముత్యాలు మీద అభియోగం కొట్టివేయడమైనది. ఆ వాటంతో నడిపే ఏ మనిషికీ, ఏ బండికీ దారి మూయరాదు. నేలకి కూడా."

తరవాత పలక మీద ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది. "నమోదైంది."

పోలీసులు పెద్దమలుపుకి పరిగెత్తారు. కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఇవాళ మిగతా కేసులు ఎవరూ పిలవలేదు, వచ్చినవాళ్ళూ అడగలేదు.

కబురు కన్నా ముందు ముత్యాలే వచ్చింది. మోకాళ్ళ దాకా మట్టి, జుట్టుముడి ఊడిపోయి ఉంది. ఎవరివైపూ చూడకుండా తిన్నగా వెళ్ళి బోనెక్కింది.

"ఆపీసినానండి" అంది. "క్లర్కమ్మగారు ఆగొద్దని సెప్పినారు, మైకులో సెప్పినారు. అయినా ఆపీసినాను. కాలు నా మాట ఇననేదు. ఊరందరికీ దారి మూయించీసినాను. నా లైసెన్సు తీసీసుకోండి. ఊరికి మాత్రం..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"ఆ పిల్ల ఏది?" అన్నాను. నాకు ముందు కావలసింది అదే.

"ఆసుపత్రిలో ఉందండి. బండాపి అద్దం దించితే ముందర రాళ్ళు దొర్లతన్న సప్పుడు ఇనబడ్డాది. దిగి సూస్తే రోడ్డు నేదు. సగం కొండ జారిపోనాది. ఎనకాతల బళ్ళోళ్ళందరూ దిగీసి, మంచం పళంగా ఎత్తుకుని అడ్డదారంట పైకి మోసుకొచ్చీసినారు. ఆడపిల్లండి. తల్లీ పిల్లా బాగున్నారు. నాను ఇటొచ్చీసినాను."

తారకేశ్వరి గారు బెంచి దిగి బోను దగ్గరికి వచ్చారు. మేజిస్ట్రేటు బెంచి దిగడం నేను చూడలేదు ఇంతకు ముందు.

"నీ లైసెన్సు ఎవరూ తియ్యరు ముత్యాలూ. దారీ మూసుకోలేదు. నీకన్నా ముందే ఇంకొకరు ఆగారు."

"ఊడ్పు బండండి. సూసినాను. నా ముందర ఎర్రదీపం ఎట్టుకుని ఆగిపోయుంది. పాడయిపోనాదేమో అనుకున్నాను."

"పాడవలేదమ్మా. మీ అత్త ఆపినట్టే ఆపింది. నేల ఆపింది."

ముత్యాలుకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. భార్గవ్ దగ్గరికి వెళ్ళి పలక చూపించాడు, ఆ బ్రేకు గీతని వేలితో చూపిస్తూ మెల్లగా చెప్పాడు. ఇక్కడ నొక్కింది, ఇక్కడ వదిలింది, ఇక్కడ మళ్ళీ నొక్కింది.

"అందులో ఎవులూ నేరాండి?"

"ఎవరూ లేరు."

ఆమె బోను దిగి నేల మీద కూలబడింది. మట్టి చేతులు రెండూ కోర్టు గచ్చు మీద పరిచింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ అత్తకాడ అందరికన్నా ఆకర్న నేర్సుకున్నది నానే అనుకున్నానండి" అంది.

తారకేశ్వరి గారు కళ్ళు తుడుచుకున్నారు, దాచుకోలేదు. నేనూ దాచుకోలేదు.